గిండి విలువ

మా ఇంట్లో ఒక పాత టీ పాట్ ఉంది. ఇంటికి వచ్చినవాళ్ళు దాన్ని చూడగానే, "ఇది వెండిదా?" అని అడుగుతారు. కాదంటే, "ఎంత చేస్తుంది?" అని అడుగుతారు. మొదటి ప్రశ్నకు జవాబు తెలుసుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. రెండో ప్రశ్నకు జవాబు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

అది 1992వ సంవత్సరం. అప్పుడు నేను హోసూరు దగ్గర ఒక పల్లెబడిలో ఉపాధ్యాయుణ్ణి. ఇప్పుడు హోసూరు కృష్ణగిరి జిల్లాలో ఉంది. 2004లో ఆ జిల్లా ఏర్పడే దాకా మాది ధర్మపురి జిల్లా. తమిళనాడులో ఉన్నా, మా ఇంటి మాట తెలుగు. సంతలో తమిళం, కన్నడం, తెలుగు మూడూ కలగలిసి వినిపించేవి. నలభై కిలోమీటర్ల దూరంలో బెంగుళూరు. నెలకొక ఆదివారం బస్సెక్కి పోయి, పాత పుస్తకాలు కొనుక్కుని రావడం నాకు అలవాటు.

బెంగుళూరు చిక్కపేట ప్రాంతంలో ఆదివారం అంగళ్ళు మూసి ఉంటాయి. మూసిన అంగళ్ళ ముందు పాత సామాన్ల సంత సాగుతుంది. విరిగిన గడియారాలు, తుప్పు పట్టిన తాళాలు, గ్రామఫోను పెట్టెలు, చేతిపనివాళ్ళ పనిముట్లు, అన్నీ నేలమీద గోనెపట్టాలమీద పరచి ఉంటాయి. ఆ రోజు నేను పుస్తకాలకోసం వంగి చూస్తుంటే, పక్క పట్టామీద నల్లగా మసిబారిన పాత్ర ఒకటి కంటబడింది. గుండ్రని పొట్ట, కింది సగం గుమ్మడికాయలాగా గాళ్ళు గాళ్ళుగా ఉంది. ఒక పక్క కొంగమెడలాంటి కొమ్ము, మరో పక్క వంపు తిరిగిన పిడి. మూత మడతబందుతో పాత్రకే అతుక్కుని ఉంది.

మా ఇళ్ళలో టీ అంటే గిన్నెలో కాచి, వడగట్టి, లోటాలలో పోసుకునేదే. టీ పాట్ అనే వస్తువును నేను సినిమాలలోనూ, ఇంగ్లీషు పాఠాల బొమ్మలలోనూ తప్ప చూడలేదు. చేతిలోకి తీసుకుంటే బరువుగా ఉంది. తలకిందులు చేసి చూశాను. అడుగున నాలుగు చిన్న చిన్న చదరాలు, ఒక్కొక్క దానిలో ఒక్కొక్క అక్షరం ముద్ర వేసి ఉంది. అచ్చం రాజముద్రల్లాగా ఉన్నాయి. నా గుండె ఒక్కసారి వేగంగా కొట్టుకుంది.

అంగడి ఆయన అరవై దాటిన ముసలాయన. అందరూ ఆయన్ను 'భాయ్' అని పిలుస్తున్నారు. నూట ఇరవై అన్నాడు. వెండి వస్తువు నూట ఇరవైకి ఇస్తున్నాడంటే ఈయనకు దీని సంగతి తెలియదని అనుకున్నాను. ఆత్రం ముఖంలో కనబడకుండా, "ఈ మసి పాత్ర ఎవరిక్కావాలి భాయ్?" అన్నాను. చివరికి ఎనభై ఐదు రూపాయలకు బేరం కుదిరింది. బస్సులో దాన్ని సంచీలో పెట్టుకుని, సంచీని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆ రోజు పుస్తకం ఒక్కటీ కొనలేదు.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. మా అవ్వ అరుగుమీద కూర్చుని ఉంది. పాత్రను చూడగానే, "ఏంరా నాయనా, గిండి తెచ్చినావే!" అంది.

'గిండి' అనే మాట నేను విని చాలా ఏళ్ళయింది. కొమ్ము ఉన్న చెంబును పాతకాలంలో అలా అనేవారు. మా కన్నడ పొరుగువాళ్ళు కూడా దాన్ని గిండి అనే అంటారు. తమిళంలో కెండి, మలయాళంలో కిండి. సముద్రం దాటి మలయా, ఇండొనీషియా వైపు పోయినా కెండి అన్న మాటే వినిపిస్తుంది. నేను టీ పాట్ అని పేరు వెదుక్కుంటున్న వస్తువుకు అవ్వ తడుముకోకుండా తన ఇంటి పేరు పెట్టేసింది. ఆనాటినుంచి మా ఇంట్లో అది గిండి అయిపోయింది.

చింతపండు, బూడిద పెట్టి ఒక మూల తోమి చూశాం. నలుపు పోయి తెల్లగా మెరిసింది. పక్కింటి మామ వచ్చి, "నల్లబడిందంటే వెండే. స్టీలు నల్లబడుతుందా?" అని తీర్పు చెప్పాడు. కిరాణా అంగడి తక్కెడలో తూచితే ఆరువందల యాభై గ్రాములు తూగింది.

ఆ రాత్రి మా ఇంట్లో ఎవ్వరికీ నిద్ర పట్టలేదు. చెల్లెలికి నర్సింగు చదువుకు సీటు వచ్చి పది రోజులయింది. మొదటి కంతు కట్టడానికి డబ్బు చాలక అమ్మ తన గాజులవైపు చూసుకుంటూ ఉంది. ఇప్పుడు దేవుడే గిండి రూపంలో వచ్చాడని అమ్మ అనుకుంది. కంతు పోగా మిగిలినదానితో వంటింటి పెంకులు మార్పించాలని నేను అనుకున్నాను. తెల్లవారేలోగా ఆ పాత్రను మేం నోటితోనే అమ్మేసి, డబ్బు నోటితోనే ఖర్చు పెట్టేశాం.

అవ్వ మాత్రం ఏమీ మాట్లాడలేదు. పొద్దున నేను పళ్ళు తోముకుంటూ ఉంటే దగ్గరికి పిలిచి, "అది వెండి అని ఆ ముసలాయనకు తెల్సునా?" అని అడిగింది.

"తెలిస్తే ఎనభై ఐదుకు ఎందుకిస్తాడవ్వా?"

"నీకు తెల్సునా, కొనేటప్పుడు?"

నేను నోరు మెదపలేదు.

"అట్లయితే ఆయప్ప తెలీక ఇచ్చినాడు, నువ్వు తెల్సి తెచ్చినావు. వెండి అయితే సగం ఆయప్పకు పంపల్ల. బడిలో పిల్లోళ్ళకు ఏం చెప్తావు నువ్వు?" అంది. ఆ మాట చెప్పి తన పనిలో తాను పడిపోయింది.

ఆ వారమంతా నేను గిండిని సంచీలోనుంచి బయటికి తీయలేదు. సగం ఇవ్వాలంటే కంతుకు సరిపోతుందా అని ఒక పక్క లెక్క. ఇవ్వకపోతే అవ్వ ముఖం ఎలా చూడాలని ఇంకొక పక్క బెంగ. పాఠం చెబుతూ ఉంటే కూడా నాలుగు ముద్రలే కళ్ళముందు ఆడేవి.

చివరికి హోసూరులో మాకు తెలిసిన ఆచారి దగ్గరికి తీసుకుపోయాను. ఆయన గిండిని అటూ ఇటూ తిప్పి, అక్షరాల జోలికి పోకుండా, దాని అంచులను చూశాడు. పాదం అంచు, పిడి వంపు, మూతమీది బొడిపె, చేయి తగిలి తగిలి అరిగే చోట్లన్నీ భూతద్దంతో పరీక్షించాడు.

"అయివారూ, ఇక్కడ చూడండి. పొట్టమీద తెలుపు ఒక రకం, అంచులో తెలుపు ఇంకొక రకం. అంచులో కొంచెం పసుపు జీర ఉంది. పైన తొడిగిన చొక్కా చినిగితే లోపలి ఒళ్ళు కనబడినట్ల" అన్నాడు.

తర్వాత పాదం అంచును గీటురాయిమీద గీశాడు. పక్కనే ఒక వెండి పట్టీని గీశాడు. రెండు గీతలమీదా ఒక్కొక్క చుక్క ద్రావకం, అంటే నత్రికామ్లం, వేశాడు. ఉప్పునీళ్ళు తగిలించేసరికి పట్టీ గీత పాలు విరిగినట్లు తెల్లబడింది. గిండి గీత పచ్చగా మారి, కరిగిపోయింది.

"జర్మన్ సిల్వర్ అయివారూ. పైన వెండి నీళ్ళు. కరగబోస్తే పాత ఇత్తడి ధర వస్తుంది, అంతే."

నాకు నిరాశ కలిగిన మాట నిజం. కాని ఆ నిరాశకంటే ముందు ఇంకొకటి కలిగింది. 'అమ్మయ్య, సగం ఇవ్వనక్కరలేదు' అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గు వేసింది.

మరి ఆ నాలుగు ముద్రల సంగతేమిటి? తరువాతి సెలవు రోజున బెంగుళూరు కబ్బన్ పార్కులోని ఎర్రని గ్రంథాలయ భవనానికి పోయి, పుస్తకాలు తిరగవేశాను. అక్కడ తెలిసిన సంగతులు మీకూ పనికివస్తాయి.

ఇంగ్లండులో అసలు వెండికి చట్టప్రకారం ముద్రలు వేస్తారు. స్టెర్లింగ్ వెండి అంటే వెయ్యి పాళ్ళలో 925 పాళ్ళు శుద్ధమైన వెండి ఉండాలి. అలా ఉందని పరీక్షించి, నడుస్తున్న సింహం ముద్ర వేస్తారు. ఏ ఊళ్ళో పరీక్ష జరిగిందో తెలిపే ముద్ర ఇంకొకటి. లండనుకు చిరుతపులి తల, బర్మింగ్‌హామ్‌కు లంగరు. షెఫీల్డుకు కిరీటం ఉండేది, 1975నుంచి గులాబీ పువ్వు వచ్చింది. ఏ సంవత్సరంలో పరీక్షించారో తెలిపే అక్షరం ఒకటి, చేసినవాళ్ళ పేరు అక్షరాలు మరొకటి. మన దేశంలో కూడా బంగారానికి 2000లో, వెండికి 2005లో ఇలాంటి హాల్‌మార్కు పద్ధతి మొదలయింది.

నా గిండి అడుగున సింహం లేదు, లంగరు లేదు. ఉన్నవి ఇ, పి, ఎన్, ఎస్ అనే నాలుగు ఇంగ్లీషు అక్షరాలు. వాటి అర్థం, నికెల్ సిల్వర్‌మీద విద్యుత్తుతో వెండిపూత వేసినది అని. నికెల్ సిల్వర్ అనే పేరులో వెండి ఉంది గాని, ఆ లోహంలో వెండి రవ్వంత కూడా లేదు. అది రాగి, నికెల్, తుత్తునాగం కలిసిన మిశ్రమం. ఇలాంటి తెల్లలోహాన్ని చైనావాళ్ళు పూర్వంనుంచీ చేసేవారు. 1820ల్లో జర్మనీలో దాన్ని తయారుచేయడం నేర్చుకున్నారు. అందుకే మన ఇళ్ళలో దాన్ని జర్మన్ సిల్వర్ అంటాం.

ఇక వెండిపూత మీ విజ్ఞానశాస్త్ర పాఠంలో ఉన్నదే. వెండి లవణ ద్రావణంలో పూత వేయవలసిన వస్తువును రుణధ్రువంగానూ, వెండిరేకును ధనధ్రువంగానూ వేలాడదీసి విద్యుత్తు ప్రసరింపజేస్తే, రేకులోని వెండి కరిగి వచ్చి వస్తువుమీద పొరగా అంటుకుంటుంది. బర్మింగ్‌హామ్‌కు చెందిన ఎల్కింగ్టన్ కుటుంబంవాళ్ళు ఈ పనికి 1840లో పేటెంటు పొందారు. ఆ తరువాత వెండి కొనలేని మధ్యతరగతి ఇళ్ళకు కూడా వెండిలా మెరిసే సామాను అందుబాటులోకి వచ్చింది. పూత వెంట్రుక మందం కూడా ఉండదు. అయినా పైన ఉన్నది నిజమైన వెండే కాబట్టి అది వెండిలాగే నల్లబడుతుంది. పక్కింటి మామ చూసినది నిజమే, తేల్చినది తప్పు.

వస్తువు వయస్సును కూడా అడుగున ఉన్న అక్షరాలే చెప్పాయి. 1891నుంచి అమెరికాకు దిగుమతి అయ్యే వస్తువులమీద తయారైన దేశం పేరు ఉండాలని అక్కడ చట్టం వచ్చింది. దానితో ఇంగ్లండు వస్తువులమీద దేశం పేరు వేయడం పెరిగింది. 'మేడ్ ఇన్ ఇంగ్లండ్' అని మూడు మాటలూ ఉంటే ఎక్కువగా ఇరవయ్యో శతాబ్దపు వస్తువే అవుతుంది. నా గిండిమీద ఆ మూడు మాటలూ ఉన్నాయి. విక్టోరియా రాణి కాలంనాటిదని నేను కట్టుకున్న గాలిమేడ కూడా అలా కూలిపోయింది.

ఆ వచ్చే ఆదివారం మళ్ళీ చిక్కపేటకు పోయాను. భాయ్ అదే చోట కూర్చుని ఉన్నాడు. ఉన్న విషయం చెప్పేయాలనిపించింది. వెండి అనుకుని కొన్నాననీ, మీకు తెలియదనుకుని నోరు మూసుకున్నాననీ చెప్పాను. ఆయన కాసేపు నావైపు చూసి, పళ్ళులేని నోటితో పకపకా నవ్వాడు.

"మేష్ట్రే, నలభై ఏళ్ళనుంచి ఇదే పని. వస్తువు చేతికి రాగానే మొదట చూసేది అడుగు. ఇ. పి. ఎన్. ఎస్. చూసే నూట ఇరవై చెప్పినాను. వెండి అయితే నేను ఇక్కడ నేలమీద పెట్టుకుని కూర్చుంటానా?" అన్నాడు.

తెలివిగలవాణ్ణి నేనే అనుకున్నాను. ఆయనకు తెలిసినది నాకు తెలియలేదు, అంతే. నా ముఖం చూసి జాలిపడ్డాడో ఏమో, టీ తెప్పించి, గిండిని ఒళ్ళో పెట్టుకుని పాఠం మొదలుపెట్టాడు.

"ఇదిగో, పిడి పాత్రకు అతికే రెండు చోట్లా తెల్ల బిళ్ళలు ఉండాలి. ఎముకతో చేస్తారు. పాత్రలో వేడి పిడికి ఎక్కకుండా అడ్డం. నీదాంట్లో పైది ఎముకే, కిందిది కొయ్య. ఎవరో మార్చినారు. మూత మేకు చూడు, ఇత్తడిది. అదీ మార్చిందే. లోపల కొమ్ము మొదట్లో చిన్న చిన్న బెజ్జాలు ఉన్నాయా? ఆకు బయటికి రాకుండా ఆపేది. అవి బాగున్నాయి. కొమ్ము కొన చిట్లలేదు. జతకు పాలచెంబు, చక్కెర గిన్నె ఉంటే ధర ఇంకా పలికేది. ఒంటిది కాబట్టి తక్కువ."

"అయితే దీని అసలు ధర ఎంత భాయ్?"

"అసలు ధర అని ఒకటి ఉంటుందా మేష్ట్రే? ఇప్పుడు నువ్వు నాకే అమ్మితే అరవై ఇస్తాను. నేను ఇంకొకరికి నూరుకు అమ్ముతాను. అద్దాల బీరువాలు పెట్టుకున్న పెద్ద అంగట్లో ఇదే మూడువందలు. కరగబోసేవాడికి ముప్ఫై. అన్నీ నిజమే. ఎవరు అమ్ముతున్నారు, ఎవరికి అవసరం, అదే లెక్క."

అది ఎక్కడినుంచి వచ్చిందో కూడా చెప్పాడు. బెంగుళూరులో 1809నుంచి ఇంగ్లీషువాళ్ళ దండు ఉండేది. దాన్నే కంటోన్మెంటు అనేవారు. స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత అక్కడి ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఒకటొకటిగా విదేశాలకు పోతూ, మోయలేని సామాను అమ్ముకుంటూ వచ్చాయి. ఈ గిండి అలాంటి ఒక ఇంటి ముసలమ్మది. కొడుకు ఆస్ట్రేలియాకు తీసుకుపోతుంటే, ఆమె దీన్ని భాయ్ చేతికి ఇచ్చే ముందు వేడినీళ్ళతో కడిగి, గుడ్డతో తుడిచి మరీ ఇచ్చిందట. "అన్ని సామాన్లూ అట్లే పడేసింది. దీన్ని మాత్రం కడిగింది" అన్నాడు భాయ్.

లేచి వస్తుంటే ఇంకొక మాట చెప్పాడు. "చింతపండు పెట్టి తోమొద్దు. తోమిన ప్రతిసారీ కొంచెం వెండి పోతుంది. మెత్తని గుడ్డతో తుడువు, చాలు."

ఇంటికి వచ్చి అవ్వకు అంతా చెప్పాను. ఆమె ఆయన నవ్వు సంగతి విని తానూ నవ్వింది. "పోయి చెప్పినావు గదా, అది చాలు" అంది. చెల్లెలి కంతుకు నేను భవిష్యనిధిలోనుంచి అప్పు తీసుకున్నాను. వంటింటి పెంకులు ఇంకో రెండేళ్ళు కారుతూనే ఉన్నాయి. గిండి అలమారలో కూర్చుంది. అప్పుడప్పుడు చుట్టాలు వచ్చి, "వెండిదా?" అని అడిగిపోయేవారు.

1996లో అవ్వకు పక్షవాతం వచ్చింది. లోటాతో నీళ్ళు పట్టిస్తే పెదవి పక్కనుంచి కారిపోయేవి. చెమ్చాతో పోస్తే ఒక్కొక్కసారి పొలమారేది. అప్పటికి చదువు ముగించి ఉద్యోగంలో చేరిన చెల్లెలు సెలవు పెట్టి వచ్చింది. మొదటి రోజే ఇల్లంతా కలయజూసి, అలమారలోనుంచి గిండిని తీసి, వేడినీళ్ళతో కడిగింది. అవ్వ తలకింద రెండు దిండ్లు పెట్టి, తల కాస్త ముందుకు వంచి, గిండి కొమ్మును పెదవి మూలకు ఆనించి, బొట్టు బొట్టుగా గోరువెచ్చని నీళ్ళు పోసింది. ఒక్క చుక్క కింద పడలేదు. మింగినదాకా ఆగి, మళ్ళీ పోసింది.

ఆ తర్వాత ఆరు నెలలు గిండికి విశ్రాంతి లేదు. సొంఠి, ధనియాలు వేసి కాచిన కషాయం అందులో పోస్తే, కొమ్ము మొదట్లోని బెజ్జాలు నలుసులను లోపలే ఆపేసేవి. రాగిగంజి మాత్రం ఆ బెజ్జాల్లో పట్టేది కాదు. దానికి చెమ్చానే వాడాం. అమ్మ పగలు, నేను రాత్రి, సెలవుల్లో చెల్లెలు. కింద ఉన్న కొయ్యబిళ్ళను ఎవరు వేశారో గాని, ఎంత వేడి పోసినా పిడి చేతికి కాలేది కాదు.

ఒక రాత్రి నీళ్ళు తాగి, అవ్వ గిండిని చూస్తూ ఏదో చెప్పబోయింది. మాట సరిగ్గా రాలేదు. చెవి దగ్గర పెట్టి విన్నాను. "ఎనభై ఐదా?" అంది. నేను తల ఊపాను. ఆమె ముఖం ఒక పక్కనే నవ్వింది. ఆ మరుసటి నెలలో అవ్వ పోయింది.

నేను ఉద్యోగ విరమణ చేసి చాలా కాలమయింది. మొన్న చెల్లెలి కొడుకు వచ్చి, గిండిని సెల్‌ఫోనుతో ఫోటో తీసి, అలాంటివి ఎక్కడెక్కడ ఎంతకు అమ్ముతున్నారో చూపించాడు. ఒకచోట వెయ్యి ఉంది, ఇంకొకచోట పన్నెండు వేలు ఉంది. "మామా, చూడు, పన్నెండు వేలు!" అన్నాడు ఉత్సాహంగా.

"అది అడుగుతున్న ధర. అంతకు ఎవరైనా కొన్నారేమో చూడు" అన్నాను. భాయ్ నేర్పిన పాఠం నేను మరచిపోలేదు. వాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని అడుగు తిప్పి అక్షరాలు చూపించాను. అంచులో పసుపు జీర చూపించాను. కొయ్యబిళ్ళ, ఇత్తడి మేకు చూపించాను. అవి ఉన్నందుకు ధర తగ్గుతుందని కూడా చెప్పాను. వాడు అన్నీ శ్రద్ధగా చూసి, "అయితే దీన్ని అమ్మేటట్టు లేదా?" అన్నాడు.

వంటింట్లోనుంచి మా చెల్లెలు వచ్చి, వాడి చేతిలోనుంచి గిండిని తీసుకుంది. వేడినీళ్ళతో కడిగి, మెత్తని గుడ్డతో తుడిచి, అలమారలో దాని చోట దాన్ని పెట్టింది.